కర్త ఎవరని పిల్లల్ని అడగనివ్వండి

చిత్తూరు, తిరుపతి జిల్లాల విద్యాశాఖాధికారులకు, మండల విద్యాశాఖాధికారులకు, నాతోటి తెలుగు ఉపాధ్యాయులకు నమస్కారం.

నేను చిత్తూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. ఇరవై ఏళ్లు దాటింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కానీ మా పిల్లలు మాట్లాడే తెలుగు విడిపోలేదు, వాళ్లు చదివే పేపర్లూ విడిపోలేదు. అందుకే రెండు జిల్లాల వాళ్లకూ కలిపే రాస్తున్నాను. నేను అడగబోయేది చిన్నది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వారానికి ఒక్క తెలుగు పీరియడ్. ఆ పీరియడ్‌లో పిల్లలు దినపత్రిక చదవాలి. అందులో వార్త ఒక్కటే కాదు, వార్త రాసిన భాషనూ చదవాలి. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా బడి ప్రార్థనలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మీ బళ్లలోలాగే మా బడిలోనూ ప్రతిజ్ఞ అయ్యాక ఒక సూక్తి, తర్వాత వార్తలు. ఆ రోజు ఎనిమిదో తరగతి అమ్మాయి వంతు. జిల్లా పేజీలోంచి ఒక చిన్న వార్త చదువుతోంది. ఒక కాలనీలో రెండు నెలలుగా కొళాయి రాలేదు, ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. అధికారి వచ్చి సమస్య పరిష్కరిస్తామని ‘స్పష్టం చేశారు’. ఆ తర్వాత వాక్యంలో, నీళ్లు లేక నానా అగచాట్లు పడుతున్నామని ఒక మహిళ ‘వాపోయింది’ అని అచ్చయింది. ఆ పిల్ల ‘చెప్పారు’ అని చదివింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తప్పు చదువుతోందనుకుని ఆపాను. “వాపోయింది అని ఉంది కదమ్మా, సరిగ్గా చూసి చదువు” అన్నాను. బడి మొత్తం చూస్తుండగా మళ్లీ ఆ వాక్యం మొదలుపెట్టి, మళ్లీ ‘చెప్పారు’ అనే చదివి, పేపరు మడిచి వెళ్లి వరుసలో నిలబడింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర పిలిచి అడిగాను. “ఆమె మాయమ్మ సార్. మాయమ్మ ఏడ్వలేదు. గట్టిగా అడిగింది” అంది.

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఇన్నేళ్లుగా సంధులు, సమాసాలు చెబుతున్న నాకు ఒక క్రియాపదం మీద మనిషి మర్యాద ఆధారపడి ఉంటుందని పదమూడేళ్ల పిల్ల చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి నేను పేపరు చదివే తీరు మారిపోయింది. అధికారులు తెలుపుతారు, వెల్లడిస్తారు, స్పష్టం చేస్తారు. నాయకులు ఉద్ఘాటిస్తారు, ధ్వజమెత్తుతారు. పేదవాళ్లు మాత్రం వాపోతారు, మొరపెట్టుకుంటారు, గగ్గోలు పెడతారు, కన్నీరుమున్నీరవుతారు. ఇద్దరూ చేసింది మాట్లాడటమే. ఒకరి మాట విషయంగా అచ్చవుతోంది, ఇంకొకరి మాట ఏడుపుగా అచ్చవుతోంది.

ఆ ‘ఇంది’ సంగతి కూడా చూడండి. మన తెలుగులో మర్యాద క్రియ చివర కూర్చుంటుంది. కలెక్టర్ వచ్చారు. కూలీ వచ్చాడు. కూలీ భార్య వచ్చింది. ఆవు వచ్చింది. ఆడమనిషికి ఏకవచనంలో వాడే క్రియ, పశువుకు, వస్తువుకు వాడే క్రియ ఒకటే. ఇది భాష నిర్మాణం, ఏ పత్రికా చేసిన నేరం కాదు. ఇంట్లో అమ్మను మనం ‘వచ్చింది, అడిగింది’ అనే అంటాం, ఆ పిల్ల కూడా ‘గట్టిగా అడిగింది’ అనే అంది. అది చనువు. కానీ ఒకే వార్తలో, పక్కపక్క వాక్యాల్లో, జీతం ఉన్న మనిషికి ‘ఆరు’ పెట్టి, కూలికి వెళ్లే మనిషికి ‘ఆడు’, ‘ఇంది’ పెడితే దాన్ని చనువు అనలేం. అక్కడ హోదా కొలుస్తున్నాం. ఏ పత్రికైనా తీసుకుని ఎవరికి ఏ ప్రత్యయం వచ్చిందో పిల్లల్తో గీతలు గీయించండి. ఎర్ర పెన్ను, నీలం పెన్ను చాలు. సమానత్వం మీద వ్యాసం రాయమంటే గైడు చూసి రాసే పిల్లలు ఆ గీతలు చూసి నోరు తెరుస్తారు. మా బడిలో అదే జరిగింది.

చావు వార్తల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దవాళ్లు కన్నుమూస్తారు, దివంగతులవుతారు, పరమపదిస్తారు. కూలీలు మృత్యువాత పడతారు, దుర్మరణం పాలవుతారు. పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు హతమవుతారు. మన పదసంపద ఇంత గొప్పదని పర్యాయపదాల పాఠంలో మురిసిపోతాం. అవి నిజంగా పర్యాయపదాలేనా అని పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి. ఒక మాట తీసి ఇంకొకరి వార్తలో పెట్టమనండి. “ఆటో బోల్తా పడి ముగ్గురు కూలీలు దివంగతులయ్యారు” అని మా తొమ్మిదో తరగతి పిల్లవాడు రాశాడు. క్లాసులో కొందరు నవ్వారు. ఎందుకు నవ్వొచ్చిందని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పీరియడ్‌లో అంతకంటే మంచి పాఠం నేను చెప్పగలిగేవాణ్ని కాదు.

ఇక వ్యాకరణం. కర్తరి వాక్యం, కర్మణి వాక్యం మనం హైస్కూల్లో చెప్పేవే. ‘రాముడు రావణుణ్ని చంపాడు’, ‘రాముడి చేత రావణుడు చంపబడ్డాడు’. పిల్లలు గడగడా మార్చేస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. కానీ ‘చంపబడ్డాడు’ అని తెలుగువాళ్లెవరూ మాట్లాడరు. మన భాషలో కర్త తప్పించుకునే దారి వేరే ఉంది. జంట క్రియలున్నాయి మనకు. కూలు, కూల్చు. ఆగు, ఆపు. తగలబడు, తగలబెట్టు. మారు, మార్చు. మొదటిదానికి చేసినవాడు అక్కర్లేదు, దానంతటదే జరిగినట్టుంటుంది. రెండోదానికి చేసినవాడు కావాలి. ‘గుడిసెలు తగలబడ్డాయి’ అంటే నిప్పు గుర్తొస్తుంది. ‘గుడిసెలు తగలబెట్టారు’ అంటే ఎవరు అని అడగాలనిపిస్తుంది. ‘కాలనీకి నీళ్లు ఆగిపోయాయి’, ‘కాలనీకి నీళ్లు ఆపేశారు’. ‘ఉద్యోగాలు పోయాయి’, ‘ఉద్యోగాలు తీసేశారు’. రెంటిలో ఏది నిజమో వార్త పూర్తిగా చదివితేనే తెలుస్తుంది. ఒక్కోసారి గుడిసె నిజంగానే దీపం పడి తగలబడుతుంది, అప్పుడు మొదటిదే సరైన వాక్యం. పిల్లలకు నేర్పాల్సింది అడగడం. కర్త ఎవరు? లేడా, ఉన్నా చెప్పలేదా?

2025 మామిడి సీజన్ మా తరగతికి దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది. మా వైపు సగం ఇళ్లకు తోతాపురి తోటలతో సంబంధం. సొంత తోట లేకపోతే కోతకు వెళ్తారు, లేదంటే ర్యాంపులో, అంటే కాయలు కొనే చోట, కాయలు ఎత్తే పనికి వెళ్తారు. ఆ ఏడు కాపు ఎక్కువ, పల్ప్ ఫ్యాక్టరీల్లో అంతకుముందు ఏడాది సరుకు అమ్ముడు కాకుండా మిగిలి ఉంది, టోకెన్ల కోసం ట్రాక్టర్లు రోజుల తరబడి రోడ్ల మీద నిలబడ్డాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 అని ప్రకటించారు. ‘మామిడి ధర పడిపోయింది’ అన్న శీర్షిక బోర్డు మీద రాసి, ఇందులో కర్త ఎవరు అన్నాను. ‘ధర’ అన్నారందరూ. వ్యాకరణం ప్రకారం సరైన జవాబే. వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచి “ధర దానంతటదే ఎట్ల పడుతుంది సార్, ఎవరో ఒకరు పడెయ్యాల కదా” అన్నాడు. వాళ్ల నాయన మూడు రాత్రులు ట్రాక్టర్ కిందే పడుకున్నాడట. చివరికి తూకం అయ్యాక ఆ ఎనిమిది రూపాయలు కూడా చేతికి రాలేదని ఆ పిల్లవాడు చెప్పాడు.

ఆ పీరియడ్, దాని తర్వాత లెక్కల పీరియడ్ కూడా (లెక్కల మాస్టారు దయ తలిచి ఇచ్చారు) మేం ఆ ఒక్క వాక్యం మీదే గడిపాం. పంట ఎక్కువైతే ధర తగ్గడం ఉంటుంది, అది కొంత నిజం. కొనేవాళ్లు కొద్దిమందే ఉంటే ఏమవుతుంది? కాయ చెట్టు మీద ఆగదు, కోశాక ఇంకా ఆగదు. గోదాములోని పల్ప్ మాత్రం ఆగుతుంది. అంటే ఆగగలిగినవాడు ఒకడు, ఆగలేనివాడు ఇంకొకడు. ‘పడిపోయింది’ అన్న ఒక్క క్రియ ఈ ఇద్దరినీ కనపడకుండా చేసింది. మేం ఆ శీర్షికను తిరగరాశాం. ఒకరు ఫ్యాక్టరీలను కర్త చేశారు, ఒకరు ప్రభుత్వాన్ని, ఒక అమ్మాయి ఎగుమతి మార్కెట్‌ను. ముగ్గురి వాక్యాలూ పూర్తిగా సరైనవి కావని కూడా వాళ్లే తేల్చారు. ఆర్థిక న్యాయం అనే మాట పాఠ్యపుస్తకం మొదట్లో రాజ్యాంగ పీఠికలో ఉంటుంది. ‘సాంఘిక, ఆర్థిక, రాజకీయ న్యాయం’ అని ఏడాది పొడుగునా పిల్లలు అట్ట తిప్పగానే చూస్తారు. ఆ మాటకు అర్థం వాళ్లకు ఆ రోజు తెలిసింది.

మన రెండు జిల్లాల పేర్లు దేశమంతా వినపడిన వార్తలు కొన్ని ఉన్నాయి. వాటిని తరగతిలోకి తేవడానికి మనం భయపడతాం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. ఎర్రచందనం చెట్లు కొట్టడానికి వచ్చారని పోలీసులు అన్నారు. వాళ్లను కొందరు ‘స్మగ్లర్లు’ అన్నారు, కొందరు ‘కూలీలు’ అన్నారు. అదొక్కటే తేడా. కానీ ఆ ఒక్క మాటతోనే చదివేవాడి మనసు ఒక పక్కకు వెళ్లిపోతుంది. గొడ్డలి పట్టి రోజుకూలికి చెట్టు కొట్టినవాడు, దుంగల్ని ఓడెక్కించి కోట్లు గడించేవాడు ఒకే మాటలో ఇమిడిపోతే పెద్దవాడు దాక్కోవడానికి చిన్నవాడి శవం సరిపోతుంది. చెట్టు కొట్టడం నేరమే, పిల్లలకు అదీ చెప్పాలి. నేరం చేసినవాడికి శిక్ష ఎవరు వేయాలో కూడా చెప్పాలి. సరిహద్దు మండలాల్లో మన పిల్లలు చాలామందికి తమిళం వచ్చు. అటు పేపరు, ఇటు పేపరు పక్కపక్కన పెట్టుకుని చదవగలిగిన పిల్లలు వాళ్లు. ఇలాంటి అవకాశం ఎన్ని జిల్లాల తెలుగు మాస్టార్లకు ఉంటుంది?

2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు చనిపోయారు. దానికి మన భాషలో ఒక మాట సిద్ధంగా ఉంది, తొక్కిసలాట. పోట్లాట, పెనుగులాట లాగా. ఆ మాటలోనే జనం ఒకరినొకరు తొక్కుకున్నారన్న అర్థం ఉంది. అంటే కర్త జనం, కర్మ కూడా జనం. గేటు ఎవరు తెరిచారు, ఎంతమంది పట్టే చోట ఎంతమందిని నిలిపారు, ఎన్ని గంటలు నిలిపారు అన్న ప్రశ్నలకు ఆ మాటలో చోటు లేదు. వేరే మాట మన దగ్గర లేదు, నిజమే. అయినా ఆ మాటతో ఆగిపోకుండా వార్త కిందిదాకా చదివి ఆ ప్రశ్నలకు జవాబు వెతకమని పిల్లలకు చెప్పవచ్చు. మా తరగతిలో ఇద్దరి ఇళ్లవాళ్లు ఆ రాత్రి తిరుపతిలో టోకెన్ల క్యూల్లో నిలబడ్డారు. “జనానికి బుద్ధి లేదు” అని మొదట అన్న పిల్లలే ఆ ఇద్దరి మాట విన్నాక నోరు మూసుకున్నారు.

ఆడపిల్లల గురించి వచ్చే వార్తల దగ్గర నేను ఎక్కువ జాగ్రత్త పడతాను, ఎక్కువ కోపమూ తెచ్చుకుంటాను. కాదన్న అమ్మాయిని కత్తితో పొడిచినవాడికి మన పత్రికలు, టీవీలు కలిసి ఇచ్చిన పేరు ‘ప్రేమోన్మాది’. ఆ మాటలో ప్రేమ ఉంది, పిచ్చి ఉంది, హత్య మాత్రం లేదు. కూతుర్ని చంపిన తండ్రి వార్తకు ‘పరువు హత్య’. ఎవరి పరువు? పరువు అని మనం అచ్చు వేశాక, చంపినవాడు చెప్పుకునే కారణాన్ని మనమే ఒప్పుకున్నట్టు కాదా? ‘అక్రమ సంబంధం’ అని ఇప్పటికీ రాస్తున్నారు. పెళ్లి బయటి సంబంధాన్ని నేరం చేసిన 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులోనే కొట్టేసింది. 2023 ఆగస్టులో అదే కోర్టు, తీర్పుల్లో ఆడవాళ్ల గురించి ఏ మాటలు వాడకూడదో, వాటికి బదులు ఏం వాడాలో చెబుతూ న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం తెచ్చింది. ‘ఈవ్ టీజింగ్’ అనొద్దని, అది వీధిలో జరిగే లైంగిక వేధింపు అని అందులో ఉంది. అంత పెద్ద న్యాయస్థానం తన వాక్యాలు తాను దిద్దుకుంటోంది. మనం ఎనిమిదో తరగతిలో దిద్దడానికి జంకుతున్నాం.

ఈ మధ్య నాకు నిద్ర పట్టనివ్వని మాట ఇంకొకటుంది. ‘పాల్పడ్డాడు’. దొంగతనానికి పాల్పడతారు, అవినీతికి పాల్పడతారు, దాడికి పాల్పడతారు. మన వాడుకలో ఈ క్రియ వెనక ఎప్పుడూ ఒక నేరమో తప్పో ఉంటుంది. ఆత్మహత్యకు కూడా ‘పాల్పడ్డాడు’ అనే రాస్తాం. పరీక్షల ఫలితాలొచ్చిన మర్నాడు జిల్లా పేజీలో ఈ క్రియ కనపడుతుంది, దాని పక్కన పిల్ల ఫోటో. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంది. 2019లో ప్రెస్ కౌన్సిల్ ఇలాంటి వార్తలు ఎలా రాయాలో మార్గదర్శకాలిచ్చింది. సంచలనం రేపే శీర్షికలు వద్దని, ఎలా చేసుకున్నారో వివరించవద్దని అందులో ఉంది. పది పరీక్షల టెన్షన్ నెత్తిన పెట్టుకున్న పిల్లలకు ఈ సంగతి మనం కాకపోతే ఎవరు చెబుతారు? ‘ప్రాణం తీసుకున్నాడు’ అని రాస్తే చాలని, బతికి బయటపడినవాళ్లు నేరస్తులు కారని వాళ్లకు తెలియాలి.

కులం విషయానికి వస్తాను. 1985లో కారంచేడులో ఆరుగురు దళితుల్ని, 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అలాంటిదాన్ని ‘ఇరువర్గాల ఘర్షణ’ అని రాస్తే ఏం పోతుందని మా పిల్లల్ని అడిగాను. “ఇద్దరూ కొట్టుకున్నట్టు ఉంటుంది సార్” అన్నారు. అంతే, ఇంకేం చెప్పనక్కర్లేదు. అలాగే ‘పాత నేరస్తులు’ అన్న మాట. ఎరుకల వంటి తెగల్ని పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టిన చట్టం బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చింది. స్వతంత్రం వచ్చి ఐదేళ్లయ్యాక, 1952లో దాన్ని రద్దు చేశారు. చట్టం పోయింది, కానీ దొంగతనం వార్తలో తెగ పేరు కలపడం ఇంకా అక్కడక్కడ చూస్తూనే ఉన్నాం. కించపరిచే సందర్భంలో కులం పేరు ప్రస్తావించవద్దని ప్రెస్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఎస్టీ కాలనీ నుంచి వచ్చే పిల్ల ఆ వార్త ఉన్న పేపరు ముక్కలో పల్లీలు తింటుంది.

పేర్ల గురించి పిల్లలు తమలో తామే వాదించుకోవాలి. ‘హరిజన’ అన్న మాట ధ్రువపత్రాల్లో వాడొద్దని కేంద్రం 1982లో చెప్పింది, మన ఊళ్లలో పెద్దవాళ్ల నోట అది ఇంకా పోలేదు. 2018లో ‘దళిత’ బదులు ‘షెడ్యూల్డ్ కులాలు’ అనమని కేంద్రం టీవీ చానళ్లకు సలహా ఇచ్చింది. దళిత అనేది మేం పెట్టుకున్న పేరు, దాన్ని తీసేయడానికి మీరెవరు అని అడిగినవాళ్లు చాలామంది. వికలాంగులు అన్నాం, విభిన్న ప్రతిభావంతులు అన్నాం, దివ్యాంగులు అంటున్నాం. కర్రల సాయంతో నడిచే మా విద్యార్థి ఒకడు ఈ చర్చలో “పేరు ఏదైనా పర్వాలేదు సార్, నాకు కంప్యూటర్ రూము కిందికి మార్చండి” అన్నాడు. మార్చడానికి మాకు ఏడాది పట్టింది.

ఇక మీలో కొందరు అనబోయే మాట నాకు తెలుసు, ఒకసారి విన్నాను కాబట్టి. కొన్నేళ్ల క్రితం తనిఖీకి వచ్చిన ఒక అధికారి నా క్లాసు వెనక కూర్చుని, అయ్యాక పక్కకు పిలిచి, “పిల్లలకు రాజకీయాలు ఎందుకండీ, సిలబస్ చూసుకోండి” అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఏ తల్లిదండ్రులో ఫిర్యాదు చేస్తే తను జవాబు చెప్పాలన్నది ఆయన భయం. నా జవాబు అప్పుడు నోటికి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఏ పార్టీ మంచిదో నేను చెప్పను, ఏ పత్రిక అబద్ధాలకోరో కూడా చెప్పను. ఒకే సంఘటన మీద రెండు మూడు పత్రికలు పెడతాను. వాటి యజమానులు వేరు, మొగ్గు వేరు అని పిల్లలకు ఇంట్లోనే తెలుసు. కర్త, కర్మ, క్రియ, విశేషణం గుర్తించమంటాను. ఇది సిలబస్‌లోదే. ఏ వాక్యం న్యాయంగా ఉందో వాళ్లు వాదించుకుంటారు, నేను మధ్యలో నిలబడతాను. తప్పు మాట అనుకున్నదాన్ని తీసేసి కొత్త వాక్యం రాయడం కూడా వాళ్ల పనే. కొత్త వాక్యంలో నిజం తగ్గకూడదు, తెలియనిది చేర్చకూడదు. ఈ రెండో నియమం మొదటిదానికంటే కష్టమని పిల్లలు వారంలోనే తెలుసుకుంటారు. కోపం వచ్చినప్పుడు లేని కర్తను తెచ్చి పెట్టడం ఎంత సులువో వాళ్లకు తెలిసిపోతుంది.

విలేకరులను తిట్టించడం కూడా నా ఉద్దేశం కాదు. మండలాల్లో రాసే విలేకరులు చాలామందికి సరైన జీతం లేదు. అచ్చయిన లెక్కను బట్టి నాలుగు రూపాయలు, రాత్రిలోగా వార్త వెళ్లాలి, శీర్షిక పెట్టేది ఇంకెక్కడో డెస్కులో కూర్చున్న మనిషి. ‘వాపోయింది’ రాసిన విలేకరి ఆ రోజు ఎండలో ఆ ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాడు. మనమెవరం వెళ్లలేదు. ఆయన వెళ్లబట్టే నెలాఖరులోగా ఆ కాలనీకి నీళ్లొచ్చాయి. అలాంటి వాళ్లను బడికి పిలిచి పిల్లలతో మాట్లాడించండి. మా బడికి ఒకాయన వచ్చారు, గంటన్నర కూర్చున్నారు, పిల్లల గీతలు ఉన్న పేపర్లు కొన్ని అడిగి తీసుకెళ్లారు.

చదువు, న్యాయం కలిస్తే ఏమవుతుందో మన పక్క నెల్లూరు జిల్లా ఒకసారి చూపించింది. దూబగుంటలో అక్షరాస్యత తరగతికి వచ్చిన ఆడవాళ్లు, వాచకంలో తమ బతుకులాంటి పాఠం చదివి, దాని గురించి మాట్లాడుకుని, లేచి వెళ్లి సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం ఆగింది. చూడండి, నేనూ ‘ఆగింది’ అనే రాశాను. ఆపింది ఆ ఆడవాళ్లు.

మీరు చేయాల్సింది ఎక్కువేం లేదు. డీఈవో గారూ, వారానికొక పీరియడ్ ఇలా వాడుకోవచ్చని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. అది ఉంటే తనిఖీలో నాలాంటివాళ్లు నసగాల్సిన పని ఉండదు. ప్రాజెక్టు పనిగా పిల్లలు ఈ వార్తల విశ్లేషణ రాస్తే మార్కులు వేయనివ్వండి. కాంప్లెక్స్ సమావేశంలో తెలుగు వాళ్లకు అరగంట ఇవ్వండి, చేసినవాళ్లం చేయనివాళ్లకు చూపిస్తాం. పేపర్లకు డబ్బు అక్కర్లేదు. టీ కొట్టులో, క్షౌరశాలలో నిన్నటి పేపర్లు అడిగితే ఇస్తారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి చేయండి. లైంగిక దాడికి గురైనవాళ్ల వివరాలు, పిల్లల పేర్లు ఉన్న వార్తలు తరగతిలోకి తేకూడదు. పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి తెచ్చిన పోక్సో చట్టం అచ్చులో వద్దన్నదాన్ని మనం బోర్డు మీద రాయకూడదు. ప్రాణం తీసుకున్న వార్తలను కూడా శీర్షిక వరకే తీసుకోవాలి. తన ఊళ్లోనో, తన ఇంట్లోనో అలాంటిది జరిగిన పిల్ల మన ముందు కూర్చుని ఉండొచ్చు.

తెలుగు మాస్టార్లూ, టీచరమ్మలూ, మీతో ఒక మాట విడిగా. పత్రికల కంటే ముందు మన భాష ఉంది. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడు “ఎస్సీ, ఎస్టీలు లేచి నిలబడండి” అని మనలో ఎంతమందిమి అనలేదు? నేను అన్నాను, ఏళ్ల తరబడి. ఏ వార్తా ఆ పిల్లల్ని తరగతి మొత్తం ముందు అలా నిలబెట్టలేదు. ఇప్పుడు ఫారాలు ఇంటర్వెల్‌లో ఒక్కొక్కరి చేతికి ఇస్తున్నాను. నల్లగా ఉన్న పిల్లాణ్ని ‘ఒరేయ్ కర్రోడా’ అని పిలవడం కూడా మానేశాను. పత్రికల భాష దిద్దే పీరియడ్ మొదలుపెడితే మూడో వారానికి పిల్లలు మన భాష కూడా దిద్దుతారు. దానికి సిద్ధపడి మొదలుపెట్టండి.

మా బడిలో ఈ పీరియడ్ శనివారం ఉదయం మూడోది. ఎవరైనా వచ్చి వెనక బెంచీలో కూర్చోవచ్చు, ముందుగా చెప్పాల్సిన పని లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. తరగతి వెనక గోడకు ఆమె అతికించిన పేపరు కటింగ్ ఉంది, ‘వాపోయింది’ మీద ఎర్రగీత, పైన తన చేతిరాతలో ‘ప్రశ్నించారు’ అని ఉంది. కింద ఇంకెవరో పిల్లలు పెన్సిల్‌తో రాశారు: నీళ్లు ఆపింది ఎవరు? దానికి ఇంకా ఎవరూ జవాబు రాయలేదు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు,
చిత్తూరు జిల్లా